అరవయ్యో గది

వదిన మా షాపుకి రావడం అదే మొదటిసారి. మంగళవారం, భోజనాల వేళకు కాస్త ముందు. నేను మిక్సీ మోటారు విప్పి బల్లమీద పరుచుకుని కూర్చున్నాను. గుమ్మంలో ఎవరిదో నీడ పడి, లోపలికి రాకుండా అక్కడే ఆగింది. తలెత్తి చూస్తే వదిన. గుడ్డసంచిని రెండు చేతులతో కిందనుంచి పట్టుకుని నిలబడి ఉంది, అందులో గాజుసామాను ఉన్నట్టు.

"ఎవరమ్మా, రిపేరా?" అంది అత్త లోపలినుంచి, తొంగి చూడకుండానే.

"నేను అత్తయ్యా."

అత్త అంటే మా నాన్నకు అక్క. షాపు ఆమెదే. మావయ్య పోయాక ఆయన పనిముట్లు అమ్మెయ్యమని అందరూ చెబితే, అమ్మకుండా వాటితోనే రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచెయ్యడం మొదలుపెట్టింది. మెడలో ఎప్పుడూ రెండు మూడు వైరు ముక్కలు వేలాడుతుంటాయి. అందుకని వీధిలో అందరికీ ఆమె తీగలత్త. ఊళ్ళో బడి చదువు అయిపోయాక నేను ఆమె దగ్గరికి పనికి వచ్చాను. ఎనిమిదేళ్ళయింది.

"నువ్వటే. రా, కూర్చో. ఆ స్టూలు మీద వద్దు, అది కూడా రిపేరుకి వచ్చిందే," అంది అత్త బయటికొస్తూ.

వదిన నవ్వలేదు. నవ్వాల్సిన చోటు అది అని తెలిసినట్టు మాత్రం పెదవులు కదిపింది. అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె ముఖంలో అన్నీ ఇలా ఒక క్షణం ఆలస్యంగా వస్తున్నాయి.

సంచిలోంచి ఆమె బయటికి తీసింది మా పాత వీడియో గేమ్ పెట్టె. మూల విరిగి, దానికి అంటించిన టేపు నల్లబడి ఉంది. ఆ టేపు అంటించింది నాన్న.

"వచ్చే శనివారం వెళ్ళిపోతున్నాను," అంది వదిన. ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వాళ్ళు వేరే ఊళ్ళో కొత్త షాపు తెరిచి ఈమెను అక్కడికి పంపుతున్నారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. "సామాను సర్దుతుంటే ఇది తేలింది. ఇది నీది. ఆయన నీకివ్వమన్నారు. నేనే ఇన్నాళ్ళు ఇవ్వలేకపోయాను."

"నాదెందుకవుతుంది వదినా? అన్నయ్యదే."

"ఆఖరి రెండు నెలలు పక్కమీద పడుకుని ఇదే ఆడారు. మొదటినుంచీ మళ్ళీ ఆడుకుంటూ వచ్చారు. అరవై గదుల్లో యాభై తొమ్మిది అయ్యాయి. ఇంకొక్కటే ఉంది, ఆడెయ్యండి అంటే, ఊహుఁ, అది దానికి, అన్నారు. నీ పేరుతోనే ఆడారు." ఆమె ఆగింది. "నిన్న పెట్టి చూస్తే తెర అంతా నీలంగా వస్తోంది. ఆట రావడం లేదు. నువ్వు బాగుచేస్తావు కదా."

"చేస్తాను."

"అందులో ఆయన ఆడిందంతా ఉంటుంది కదా. పోదు కదా."

నేను జవాబు చెప్పేలోపే అత్త అందుకుంది. "దీని చేతిలో పడ్డది ఏదీ పోదు. నా చేతిలో పడ్డవే పోతాయి."

వదిన వెళుతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. ఏదో చెప్పబోయింది. "ఏంటి వదినా?" అన్నాను. "ఏం లేదు. జాగ్రత్త," అని వెళ్ళిపోయింది.

ఆ ఆట గురించి ఎవరికీ తెలియదు. ఈమధ్య పాత ఆటల గురించి రాసేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళలో ఒక్కరి నోటా నేను దీని మాట వినలేదు. బొమ్మను బట్టి వెతికితే ఒకచోట రెండు వాక్యాలు దొరికాయి: చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ఆడితే పెద్దవాళ్ళకు తలనొప్పి వస్తుంది, అందుకని ఇద్దరూ కొనలేదు. అది నిజమే. పెట్టెతోపాటు వచ్చిన ఒకే ఒక్క క్యాసెట్ అది. దాని పైకాగితం సగం చిరిగి, పేరు పోయింది. మిగిలిన సగం మాకు రాని భాషలో ఉంది. మేము దాన్ని బకెట్టోడు అనేవాళ్ళం.

ప్రతి గదిలోనూ పైన ఎక్కడో ఒక కుళాయి తెరిచి ఉంటుంది. నీళ్ళు పడుతూ ఉంటాయి. కింద బకెట్ పట్టుకుని ఒక పొట్టివాడు. గది నిండేలోగా వాడు పైకి చేరి కుళాయి కట్టెయ్యాలి. వాడు ఎత్తుగా ఎగరలేడు. నీళ్ళు తోడి ఒకచోటునుంచి ఇంకొకచోట పొయ్యగలడు, అంతే. పోస్తే చెక్కపెట్టెలు తేలతాయి, వాటి మీదినుంచి నడవొచ్చు. గోడల వెంట మంటపురుగులు పాకుతుంటాయి. వాటిమీద నీళ్ళు పోస్తే రాయైపోతాయి, ఆ రాళ్ళు మెట్లుగా పనికొస్తాయి. ఒక పురుగుని తొందరపడి తప్పుచోట రాయిని చేస్తే ఇక ఆ గది అయినట్టే. బకెట్టోడు చావడు. నీళ్ళు నిండాక వెల్లకిలా తేలి, పొట్టమీద చేతులు కట్టుకుని, మనవైపు చూస్తుంటాడు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండిపోయేది.

అన్నయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. వాడు గదిలోకి వెళ్ళగానే ఏమీ చేసేవాడు కాదు. పది లెక్కపెట్టేదాకా ఊరికే చూసేవాడు. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చేవి.

"కదలరా బాబూ," అని అరిచేదాన్ని.

"ఉండవే పిల్లీ. నీళ్ళు ఎటు పోవాలనుకుంటున్నాయో చూడనీ."

పిల్లి అని నాకు వాడు పెట్టిన పేరు. మాట్లాడకుండా మూలన కూర్చుని అన్నీ చూస్తుంటానని. ఊరికే చూడడం వాడి దగ్గరే నేర్చుకున్నానని వాడికి తెలియదు.

క్యాసెట్లో ముగ్గురి ఆటలు దాచుకోవడానికి మూడు వరసలు ఉండేవి. మొదటిది వాడిది, రెండోది నాది, మూడోది ఖాళీ. నాకు పదకొండేళ్ళప్పుడు నేను నలభై ఒకటో గదికి వచ్చాను. వాడింకా ముప్పై ఎనిమిదిలో ఉన్నాడు. ఆ రోజు ఆ విషయం మీద ఇద్దరం జుట్లు పట్టుకున్నాం. మర్నాడు బడినుంచి వచ్చి పెట్టె పెడితే వాడి వరస ఉంది, నాది లేదు. నా పేరుండే చోట నాలుగు చుక్కలు.

"నేను కాదు," అన్నాడు వాడు.

"మరి ఎవరు? పిల్లి చెరిపిందా?"

"ఒట్టు. నేను ముట్టుకోలేదు."

నేను ఇల్లంతా వినపడేలా ఏడ్చాను. నాన్న వాడికి రెండు తగిలించి, పెట్టెను బీరువా మీద పెట్టేశారు. నెల తర్వాత కిందికి దించినా నేను ఇక ఆడలేదు. వాడు రెండుమూడుసార్లు పిలిచాడు. తర్వాత మానేశాడు.

అది అక్కడితో అయిపోలేదు. మా ఇంట్లో అదొక మాటైపోయింది. వాడు ఏ పని చేస్తానన్నా, ఏ మాట ఇచ్చినా, "నువ్వా, వరస చెరిపినవాడివి" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని. వాడి పెళ్ళిలో వదినతో మొదటగా అన్న మాట కూడా అదే: "చూసుకో వదినా, వీడు చెరిపేసి నేను కాదంటాడు." అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆసుపత్రిలో చేర్చిన మూడో వారం, కిటికీ పక్క మంచం మీద, వాడు అన్నాడు: "పిల్లీ, ఆ ఆట మళ్ళీ మొదలుపెడదామా?"

"మళ్ళీ చెరపడానికా?" అన్నాను.

వాడు నవ్వాడు. నేను ఆపిల్ తొక్క తీస్తున్నాను. సరే అనలేదు, కాదనలేదు. షాపులో పని ఉందని లేచి వచ్చేశాను. వాడు ఇంటికొచ్చాక రెండుసార్లు వెళ్ళాను గాని, రెండుసార్లూ వాడు నిద్రపోతున్నాడు. పక్కన పెట్టె ఉందో లేదో కూడా చూడలేదు.

మంగళవారం సాయంత్రం మిక్సీ పక్కన పెట్టేసి క్యాసెట్ విప్పాను. పెట్టెలోకి దూరే అంచున ఉండే రాగి పళ్ళు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ఊదేవాళ్ళా దీంట్లో?" అంది అత్త, నా భుజం మీదినుంచి చూస్తూ.

"ఆట రాకపోతే ఊదితే వచ్చేది."

"వచ్చేది మళ్ళీ పెట్టడం వల్ల, ఊదడం వల్ల కాదు. నోటి తడి పడితే ఇదిగో, ఇలాగే తినేస్తుంది."

దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పన్నూ తుడిచాను. దూది పచ్చబడింది. ఇంకొకటి, ఇంకొకటి. నేను ఆ క్యాసెట్లో ఊది పదమూడేళ్ళయింది. తర్వాత ఊదినదంతా వాడే. ఆఖరి రెండు నెలల్లో ఊదడానికి కూడా వాడికి ఎంత ఓపిక ఉండి ఉంటుందో అనుకున్నాను. పుల్లలు బల్లమీద వరసగా పెట్టాను గాని, చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. అత్త వచ్చి, ఏమీ అడగకుండా, వాటిని అరచేతిలోకి ఊడ్చుకుని తీసుకెళ్ళింది.

లోపల పలక మీద చిన్న గుండ్రటి బ్యాటరీ ఉంది. ఆడింది చెరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. మీటర్ పెట్టి చూస్తే ముల్లు సగందాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో నెల ఉంటుందేమో, ఇంకో వారమేమో. మార్చాలి. కానీ దాన్ని ఊడదీసిన క్షణంలోనే వాడు ఆడిందంతా పోతుంది.

"పక్కనుంచి ఇంకో బ్యాటరీ తగిలించి అప్పుడు ఊడదియ్యి," అంది అత్త. "మనిషి చెయ్యి వదిలే ముందు ఇంకో చెయ్యి అందుకున్నట్టు. ఒక్క క్షణం కూడా తెగకూడదు. నన్ను మాత్రం ముట్టుకోమనకు. నా చెయ్యి ఈమధ్య వణుకుతోంది."

బుధవారం పొద్దున్నే, గిరాకీ రాకముందు, ఆ పని చేశాను. రెండు సన్నటి వైర్లు అతికించి, వాటి చివర కొత్త బ్యాటరీ కట్టి, తర్వాత పాతదాని అతుకు కరిగించి తీశాను. దాని చోట కొత్తది కూర్చోబెట్టి, ఆఖరున వైర్లు విప్పాను. అరగంట పట్టింది. అత్త ఆ అరగంటా షాపు గుమ్మంలో అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళను "లోపల ఆపరేషన్ అవుతోంది, తర్వాత రండి" అని పంపేసింది.

మూలనున్న పాత టీవీకి పెట్టె తగిలించి స్విచ్ వేశాను. తెర నీలంగా వెలిగి, నల్లబడి, తర్వాత బకెట్టోడు నడుచుకుంటూ వచ్చాడు. అదే పాట. బకెట్ కొడుతున్నట్టు ఉండే ఆ టకటక. పదమూడేళ్ళుగా ఒక్కసారి కూడా గుర్తురాని పాట, వినగానే తర్వాత ఏం వస్తుందో మొత్తం ముందే తెలిసిపోయింది.

మూడు వరసలు. మొదటిదాంట్లో నాలుగు చుక్కలు. మూడోదాంట్లో నాలుగు చుక్కలు. రెండోదాంట్లో నా పేరు, వాడు పిలిచే పేరు. పక్కన యాభై తొమ్మిది కట్టిన కుళాయిలు, తెరిచి ఉన్న కుళాయి ఒకటి.

వాడి వరస లేదు. వాడిది వాడే తీసేసుకున్నాడు. తీసేసి, ఎక్కడైతే నాది ఉండేదో సరిగ్గా అదే చోట, నా పేరు పెట్టి, మొదటి గదినుంచి కుళాయిలు కట్టేసుకుంటూ వచ్చాడు. వదిన "నీ పేరుతో" అంటే నా గుర్తుగా అనుకున్నాను. నా వరస నాకు తిరిగి ఇస్తున్నాడని అప్పుడు తెలిసింది. చెయ్యని తప్పుకి బదులు తీర్చాడా, చేసిన తప్పుకా అని కూడా ఒక క్షణం ఆలోచించాను. అంత దుర్మార్గపు ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"ఆడు మరి," అంది అత్త.

"వదిన వచ్చాక ఆడతాను. రేపు మధ్యాహ్నం రమ్మంటాను. తను చూడాలి కదా."

"అదీ నిజమే. మరి ఆ పాట ఆపెయ్యి, నా వల్ల కావడం లేదు." అత్త కళ్ళు తుడుచుకుంటోంది.

ఆపేసి, టీవీ మీద గుడ్డ కప్పి, వదినకు ఫోన్ చేశాను. "ఉంది వదినా, అంతా ఉంది," అన్నాను. అవతలినుంచి అద్దాలు అరగదీసే యంత్రం చప్పుడు మాత్రం వినిపించింది.

గురువారం వదిన భోజనం డబ్బాతో వచ్చింది. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. నేను స్విచ్ వేశాను. బకెట్టోడు నడుచుకుంటూ వచ్చాడు. మూడు వరసలు వచ్చాయి.

మూడింట్లోనూ నాలుగు చుక్కలు.

నేను ఆపి మళ్ళీ పెట్టాను. క్యాసెట్ తీసి మళ్ళీ పెట్టాను. పళ్ళు మళ్ళీ తుడిచాను. మీటర్ పెట్టి చూశాను. కొత్త బ్యాటరీ నిండుగా ఉంది. అతుకులు లాగి చూశాను, గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ పెట్టాను. చుక్కలు.

"నిన్న ఉంది," అన్నాను. "అత్తా, నిన్న నువ్వూ చూశావు కదా."

"చూశాను. రెండు కళ్ళతో చూశాను." అత్త నా చేతిలోంచి క్యాసెట్ తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

వదిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని తెరవైపే చూస్తోంది. తర్వాత మెల్లగా అడిగింది: "నిన్న ఎలా ఆపావు?"

"ఎలా అంటే?"

"ఆట అయ్యాక. దేన్ని నొక్కి ఆపావు?"

"గోడ దగ్గర. బోర్డు స్విచ్ కట్టేశాను."

వదిన కళ్ళు మూసుకుంది.

"పెట్టెమీద ఎర్ర బటన్ ఉంది కదా," అంది కళ్ళు తెరవకుండానే. "దాన్ని నొక్కి పట్టుకుని, అప్పుడు పెట్టెకున్న స్విచ్ ఆపాలి. పట్టుకోకుండా ఒక్కసారిగా కరెంటు తీసేస్తే ఒక్కోసారి చెరిగిపోతుంది. ఎప్పుడూ కాదట. ఒక్కోసారి. మీ అన్నయ్య చెప్పారు. ఆయన చేతుల్లో బలం లేనప్పుడు రోజూ నేనే ఆపేదాన్ని."

"అయ్యుంటుంది," అంది అత్త నెమ్మదిగా. "కరెంటు పోయే ఆ క్షణంలో చిప్పుకి తల తిరుగుతుంది. ఏది పడితే అది రాసేస్తుంది. నాకు తట్టలేదే."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్పొద్దన్నారు."

"ఎందుకు?"

వదిన నావైపు చూసింది. చెప్పాలా అని నన్నే అడుగుతున్నట్టు చూసింది. ఆమె చెప్పే లోపే, ఆ రోజు నా వరస చెరిపింది ఎవరో నాకు తెలిసిపోయింది.

మా ఇంట్లో ఏదైనా గోడ దగ్గరే కట్టాలి. నాన్న ఆజ్ఞ అది. ఒకసారి పిడుగు పడి, గోడ స్విచ్ కట్టని టీవీ కాలిపోయింది. అప్పటినుంచీ ఇస్త్రీపెట్టె అయినా, రేడియో అయినా, పని అవగానే బోర్డు దగ్గర టక్కుమని కట్టెయ్యాల్సిందే. ఆట అయ్యాక ఆ పని నాది. బోర్డుకి దగ్గరగా కూర్చునేది నేనే. నాలుగేళ్ళపాటు, రోజూ, అన్నయ్య ఆట రిమోట్ వైరు చుడుతుంటే నేను లేచి కట్టేదాన్ని. నిన్న కూడా నేను ఆలోచించి కట్టలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"పెళ్ళయిన కొత్తలో ఆయన స్నేహితుడెవరో ఈ ఆట పుస్తకం ఎక్కడో దొరికిందని తెచ్చిచ్చారు," అంది వదిన. "చివరి పేజీలో బొమ్మ వేసి ఉంది, ఎలా ఆపాలో. అది చూసి చాలాసేపు నవ్వారు. తర్వాత పుస్తకం ఎక్కడో పెట్టేశారు. దీని సంగతి దానికి చెప్పకు, చెప్తే కూర్చుని లెక్కేస్తుంది, అన్నారు. నా చేత మాట తీసుకున్నారు."

పెళ్ళయి నాలుగేళ్ళు. నాలుగేళ్ళు వాడికి తెలుసు. నాలుగేళ్ళలో ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. ఆసుపత్రిలో కిటికీ పక్కన అన్నప్పుడు కూడా వాడికి తెలుసు. తెలిసే నవ్వాడు.

"మొన్న ఇచ్చేటప్పుడు నోటిదాకా వచ్చింది," అంది వదిన. ఇప్పుడు ఆమె ఏడుస్తోంది, ముఖం ఏమాత్రం కదలకుండా. "బటన్ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ నువ్వు ఊరుకోవు కదా, ఎందుకు అని అడుగుతావు. మాటిచ్చాను కదా అని మింగేశాను. నేనే పోగొట్టాను."

"నువ్వెందుకు పోగొడతావు? కట్టింది నేను."

"నేను చెప్పి ఉంటే కట్టేదానివి కాదు."

"అసలు చిన్నప్పుడు నేను..."

"ఆపండి," అంది అత్త. "తప్పు నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళని చూశాను గాని, నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను. ముందు అన్నం తినండి ఇద్దరూ."

ఎవరమూ తినలేదు. అత్త మాత్రం మొండిగా వదిన డబ్బా తెరిచి, నాలుగు ముద్దలు తిని, "ఉప్పెక్కువైంది," అని పక్కకి తిరిగింది.

వెళ్ళేముందు వదిన అడిగింది: "ఆ చివరి గది నువ్వు చూడనేలేదా?"

"లేదు. నువ్వు వచ్చాక చూద్దామని."

"నేను చూశాను. బావిలా పొడుగ్గా ఉంటుంది. పైన ఎక్కడో కుళాయి. ఆయన అందులోకి వెళ్ళి ఏమీ చేసేవారు కాదు. నీళ్ళు నిండేదాకా చూస్తూ పడుకునేవారు. ఆ పొట్టివాడు తేలాక మళ్ళీ మొదలు. ఏంటండీ ఇది అంటే, చూడ్డానికి బాగుంది కదా, అనేవారు." ఆమె పెట్టెను నావైపు జరిపింది. "ఉంచుకో. నాకు ఆడడం రాదు."

శనివారం ఆమెను బస్సు ఎక్కించి వచ్చాను. రెండు పెట్టెలు, ఒక చాప, అన్నయ్య కుర్చీ. కుర్చీ బస్సులో పట్టదన్నారు. విప్పి, కాళ్ళు వేరుగా కట్టి ఇచ్చాను.

సోమవారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, మొదటి గదినుంచి మొదలుపెట్టాను. రెండో వరసలో. పేరు అడిగితే వాడు పెట్టిన పేరే పెట్టాను.

ఆ రోజునుంచీ రోజూ అరగంట, ఆపేటప్పుడు ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని. మొదటి ఇరవై గదులు చేతులకే గుర్తున్నాయి. తర్వాతవి కష్టమయ్యాయి. చిన్నప్పుడు నేను ఉరుకుల పరుగులతో గట్టెక్కిన గదుల్లో ఇప్పుడు వేళ్ళు ఆ వేగం అందుకోవడం లేదు. వాడిలా పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఊరికే చూస్తే తెలిసింది, నీళ్ళు ముందుగా ఏ పెట్టెను కదుపుతాయో, ఏ పురుగు ఎటు తిరుగుతుందో. ఆ ఆట చేసినవాళ్ళు ఆ మొదటి పది అంకెల్లోనే జవాబంతా చూపించేశారు. అది చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. అందుకే దాన్ని ఎవరూ కొనలేదేమో.

అత్త పక్కన కూర్చుని రేడియో తుడుస్తూ సలహాలు ఇచ్చేది. "వాడికి ఇంకో బకెట్ ఇస్తే పోయేది కదా. ఇన్ని గదులు కట్టించినవాళ్ళకి ఇంకో బకెట్ కొనడానికి చేతులు రాలేదు."

వదిన వారానికోసారి ఫోన్ చేసేది. కొత్త షాపు గురించి రెండు ముక్కలు చెప్పి, "ఎన్నో గది?" అని అడిగేది. ముప్పై మూడు. నలభై. నలభై ఒకటిలో పదకొండు రోజులు ఇరుక్కున్నాను. చిన్నప్పుడు నేను ఆగింది అక్కడే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. యాభై తర్వాత ఆమె అడగడం మానేసి, నేను చెప్పేదాకా ఆగేది.

ఐదు నెలలు పట్టింది. యాభై తొమ్మిదో గది ఒక్కటే మూడు వారాలు తీసుకుంది. అందులో ఏడు మంటపురుగులు, రెండే చెక్కపెట్టెలు. పక్కమీద పడుకుని, బలం లేని చేతులతో, వాడు దీన్ని ఎలా దాటాడో నాకు అర్థం కాలేదు. ఎన్నిసార్లు ఓడిపోయి ఉంటాడో. ఎన్నిసార్లు రిమోట్ గుండెలమీద పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంటాడో.

తర్వాత అరవై.

వదిన చెప్పినట్టే ఉంది. బావిలా పొడుగ్గా, నీలంగా. పెట్టెలు లేవు. పురుగులు లేవు. నేను పది లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. నీళ్ళు బకెట్టోడి నడుందాకా వచ్చాయి, మెడదాకా వచ్చాయి. వాడు తేలాడు. మిగతా గదుల్లో తేలితే ఓడినట్టే, ఇక్కడ ఆట ఆగలేదు. గది నిండలేదు ఇంకా, పైన చాలా చోటుంది. వాడు తేలుతూ నీళ్ళతోపాటు పైకి పోతున్నాడు. ఆ గదిలో చెయ్యాల్సిందేమీ లేదు. నీళ్ళే వాడిని తీసుకెళ్ళి కుళాయి దగ్గర వదులుతాయి. చేరాక చెయ్యి చాపి కట్టడమే. ఒక్క బటన్. మూడేళ్ళ పిల్లలు కూడా చెయ్యగలరు.

అన్నయ్య ఏ రోజైనా కట్టి ఉండొచ్చు. రోజూ అక్కడిదాకా తేలి వెళ్ళి, చెయ్యి చాపకుండా ఊరుకున్నాడు. కుళాయి పక్కన బకెట్టోడు నీళ్ళమీద కాసేపు ఆగుతాడు. గది నిండేదాకా ఒక అరనిమిషం. ఆ అరనిమిషంలో అన్నయ్య ఏం చూసేవాడో అని నేనూ చూశాను. నీళ్ళు, గోడ, కుళాయి. ఇంకేమీ లేదు.

బటన్ నొక్కాను. కుళాయి మూసుకుంది. పాట ఆగిపోయింది.

వదినకు ఫోన్ చేశాను. ఆమె పనిలో ఉంది. వెనక యంత్రం చప్పుడు.

"అయిపోయింది వదినా."

యంత్రం ఆగింది. "కట్టావా?"

"కట్టాను."

"చివర్లో ఏమొచ్చింది?"

తెర నల్లగా ఉంది. దానిమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు కిందినుంచి పైకి నెమ్మదిగా జరుగుతున్నాయి.

"ఏమీ లేదు. చేసినవాళ్ళ పేర్లు."

"ఎంతమంది?"

"పదకొండుమంది."

అన్నయ్య గొంతు వినిపిస్తుందనో, ఏదో రాసిపెట్టి ఉంటుందనో మేమిద్దరం ఎక్కడో అనుకున్నాం కాబోలు. అలా ఉండదని ఇద్దరికీ తెలుసు.

"చదువు," అంది వదిన.

"మనకి తెలియని పేర్లు వదినా. చదవడం కూడా కష్టం."

"అయినా చదువు. వీళ్ళు చేసిందే కదా ఆయన ఆడుకున్నారు. ఆఖరిదాకా."

అత్త చేతిలో పని ఆపేసింది. నేను టీవీ దగ్గరికి జరిగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, మొదటి పేరు చదివాను. రెండోది చదివాను. అవతల వదిన వింటోంది. ఊపిరి వినిపిస్తోంది. ఏడో పేరు చాలా పొడుగు. రెండుసార్లు తడబడి చదివాను. పదకొండో పేరు దగ్గర ఆగిపోయాను. ఎలా పలకాలో బొత్తిగా తెలియలేదు. పేరు తెర పై అంచుకి చేరుతోంది.

"వెళ్ళిపోతోంది వదినా."

"నీకు వచ్చినట్టు చదువు," అంది.

చదివాను.